ఏ రోజు నాటి విమానం?

1934 అక్టోబరు 20న ఇంగ్లండ్‌లోని మిల్డెన్‌హాల్ నుంచి మెల్‌బోర్న్‌కు విమానాల పందెం మొదలైంది. చార్లెస్ స్కాట్, టామ్ క్యాంప్‌బెల్ బ్లాక్ కలిసి నడిపిన డీహెచ్.88 కామెట్ అనే రెండింజన్ల చెక్క విమానం 71 గంటలు నిండకుండానే చేరి గెలిచింది. దాని పేరు గ్రోవ్‌నర్ హౌస్, రంగు ఎరుపు. దారిలో మన అలహాబాద్‌లో తప్పనిసరిగా ఆగాలి.

ఇప్పుడది ఇంగ్లండ్‌లోనే ఓల్డ్ వార్డెన్‌లో, పాత విమానాలుండే షటిల్‌వర్త్ సంగ్రహంలో, మళ్లీ అదే ఎరుపులో ఉంది. మధ్యలో పడ్డ పాట్లు మాత్రం ఇన్నీ అన్నీ కావు. పందెం అయ్యాక బ్రిటిష్ ప్రభుత్వం కొని వెండి రంగు పూసింది. పరీక్షల్లో దెబ్బతింటే తుక్కు కింద అమ్మేసింది. 1937లో వేరేవాళ్లు బాగుచేసి లేత నీలం రంగేశారు, ఇంజన్లు మార్చారు, తోక కింద నేలకు రాసుకుపోయే ఊతం తీసేసి చక్రం పెట్టారు. ఈ మారిన రూపంలోనే అది 1938లో న్యూజిలాండ్ వెళ్లి 11 రోజుల్లోపు తిరిగొచ్చింది.

మరి పునరుద్ధరణ అంటే ఏ రోజుకు తీసుకెళ్లాలి? 1934కే అనేవాళ్లు ఒక్కసారి ప్రొపెల్లర్ సంగతి చూడాలి. టేకాఫ్‌కు ప్రొపెల్లర్ రెక్కలు తక్కువ కోణంలో, వేగం అందుకున్నాక ఎక్కువ కోణంలో ఉండాలి. కారులో ఫస్ట్ గేరు, టాప్ గేరు లాగా. పందెంలో వాడిన రాటియే కంపెనీ ప్రొపెల్లర్లకు బయల్దేరే ముందు సైకిల్ పంపుతో గాలి కొట్టేవారు. వేగం గంటకు 240 కిలోమీటర్లు దాటేసరికి ఎదురుగాలి ముందున్న చిన్న బిళ్లను లోపలికి నొక్కుతుంది, గాలి బయటికి పోతుంది, కోణం మారుతుంది. ఇక ఆకాశంలో వెనక్కి రాదు! దిగబోతూ మళ్లీ పైకి లేవాల్సివస్తే పైలట్‌కు టెన్షనే.

ఇంజన్లదీ అదే కథ. 230 హార్స్‌పవర్ ఇచ్చేలా పందెం కోసం బిగించిన ఆ జిప్సీ సిక్స్ ఇంజన్లకు మంచి పెట్రోలే కావాలి. అదే పందెంలో బ్లాక్ మ్యాజిక్ అనే ఇంకో కామెట్‌లో వచ్చిన మోలిసన్ దంపతులు దారితప్పి జబల్‌పూర్‌లో దిగారు. అక్కడ దొరికిన బస్సు పెట్రోలు పోసుకున్నారు. ఇంజన్ పాడై అలహాబాద్‌లోనే పందెం వదులుకోవాల్సి వచ్చింది.

తోక ఊతం గడ్డి మైదానం మీద బ్రేకులా పనిచేసేది. గట్టి రన్‌వే మీద దానికి పట్టు దొరకదు. అందుకే ఎరుపు రంగు తిరిగొచ్చినా తోక చక్రం అలాగే ఉంది. నా లెక్కలో అది సరైన పనే. ఎగిరే విమానంలో మనిషి కూర్చుంటాడు కదా.

అన్నిటికన్నా కష్టం చెక్కతో. రెక్కల పైపొరకు స్ప్రూస్ చెక్క పట్టీలను ఏటవాలుగా, ఒక పొర మీద ఇంకో పొర అడ్డంగా వచ్చేలా అతికించారు. బలం ఆ పొరదే. రేకు సొట్టపోతే కంటికి కనిపిస్తుంది. జిగురు లోపల వదిలేస్తే పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. పైగా యుద్ధకాలంలో ఈ విమానం గ్రేవ్‌సెండ్‌లో వదిలేసి ఉంది. అనుమానం ఉన్న చెక్కంతా మారిస్తే పాతదంటూ ఎంత మిగులుతుంది? ఉంచితే ఎగరనిచ్చేదెవరు? చివరికి 1987లో ఎగిరింది.

బ్లాక్ మ్యాజిక్‌ను పోర్చుగల్ కొనుక్కుని సలజార్ అని పేరు మార్చింది. దశాబ్దాల తర్వాత దాని అవశేషాలు ఇంగ్లండ్‌కు తిరిగొచ్చాయి. డెర్బీలో దాన్ని మళ్లీ ఎగిరేలా కడుతున్నారు, మోలిసన్‌ల నాటి నలుపు, బంగారు రంగుల్లోనే.