రికార్డు పక్కన లేని నక్షత్రం

2022 అక్టోబర్ 4న టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టు ఆటగాడు ఆరన్ జడ్జ్ ఆ సీజన్‌లో 62వ హోమ్ రన్ (బంతిని మైదానం హద్దు దాటించే దెబ్బ) కొట్టగానే, ఒక సీజన్‌లో ఎక్కువ హోమ్ రన్‌ల అసలు రికార్డు ఎవరిదన్న పాత గొడవ మళ్ళీ లేచింది. లెక్క ప్రకారం అది అమెరికన్ లీగ్ (మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోని రెండు లీగ్‌లలో ఒకటి) వరకే రికార్డు, మొత్తం మీద చూస్తే 2001లో బారీ బాండ్స్ కొట్టిన 73దే పైచేయి. అయినా అసలు రికార్డు జడ్జ్‌దే అనేవాళ్ళకి కొదవ లేదు.

ఈ "అసలు", "నకిలీ" పేచీ మొదలైంది 1961లో. 1927లో బేబ్ రూత్ కొట్టిన 60 హోమ్ రన్‌లని దాటేలా ఉన్నాడు యాంకీస్ ఆటగాడు రోజర్ మారిస్. సరిగ్గా ఆ ఏడాదే అమెరికన్ లీగ్‌లో జట్లు 8 నుంచి 10 అయ్యాయి, ఒక్కో జట్టు ఆడే ఆటలు 154 నుంచి 162కి పెరిగాయి. జులైలో బేస్‌బాల్ కమిషనర్ ఫోర్డ్ ఫ్రిక్ ఒక మెలిక పెట్టాడు: 154 ఆటల్లోపు దాటితేనే రూత్ రికార్డు పోయినట్టు, ఆ తర్వాతైతే పుస్తకంలో విడిగా చూపిస్తాం అని. ఈ ఫ్రిక్ ఎవరనుకుంటున్నారు? ఒకప్పుడు పత్రికల్లో రూత్ పేరుతో వచ్చిన వ్యాసాలు రాసిపెట్టిన మనిషే! అంకె పక్కన నక్షత్రం గుర్తు (*) పెట్టి ఇది మామూలు రికార్డు కాదని చూపించాలన్న మాట మాత్రం ఆయనది కాదు, డిక్ యంగ్ అనే స్పోర్ట్స్ రిపోర్టర్‌ది. ఆ గుర్తు ఎప్పుడూ ఎక్కడా అధికారికంగా పెట్టలేదు, రెండు అంకెల్నీ వేర్వేరు వరుసల్లో వేశారు, అంతే. జనానికి మాత్రం ఆ నక్షత్రమే గుర్తుండిపోయింది.

154 ఆటలయ్యేసరికి మారిస్ 59 దగ్గర ఆగాడు, అదీ రూత్ పుట్టిన ఊరు బాల్టిమోర్‌లో. టెన్షన్‌కి జుట్టు ఊడిపోయిందంటారు. అక్టోబర్ 1న, సీజన్ చివరి ఆటలో 61వది కొట్టినప్పుడు యాంకీ స్టేడియంలో జనం 23,154 మందే. ఎక్కువ ఆటలు ఆడాడు కాబట్టే దాటాడన్న వాదన నాకు మింగుడుపడదు, ఎందుకంటే మారిస్ బ్యాటింగ్‌కి దిగింది 698 సార్లు, రూత్ 691 సార్లు, తేడా ఏడంటే ఏడు.

ఆ విడి వరుస 1991లో తీసేశారు. మారిస్ 1985లోనే క్యాన్సర్‌తో పోయాడు.

1998లో మార్క్ మెక్‌గ్వైర్ 62వది కొట్టి మారిస్‌ని దాటగానే, మారిస్ కొడుకుల్ని మైదానం పక్కనే కౌగిలించుకున్నాడు, ఆ సీజన్‌ని 70తో ముగించాడు. అదే మనిషి 2010లో స్టెరాయిడ్స్ (కండబలం పెంచే మందులు) వాడానని ఒప్పుకున్నాడు. బాండ్స్ మీదా అవే ఆరోపణలు, తెలిసి వాడలేదన్నది ఆయన మాట.

2022లో జడ్జ్ వెంట ఊరూరా తిరిగి ఆటలు చూసిన రోజర్ మారిస్ జూనియర్, అసలైన రికార్డు ఇదేనని మేజర్ లీగ్ ఒప్పుకోవాలన్నాడు. నాన్నని విడి వరుసలో కూర్చోబెట్టారని బాధపడ్డ ఇంటివాడే ఇప్పుడు ఇంకొకళ్ళని విడిగా కూర్చోబెట్టమంటున్నాడు.