తలంబ్రాలు నారింజ రంగుకు ఎందుకు తిరిగాయి? కాలిబ్రేటర్, డ్రైవర్ల వెనక కథ

తలంబ్రాల బియ్యం పసుపుగా ఉండాలి. ఫోటోలు ప్రింటు చేసే ల్యాబు నుంచి వచ్చిన పెళ్లి ఆల్బమ్‌లో అవి నారింజ రంగుకు తిరిగి ఉన్నాయి. పెళ్లికూతురి మేనమామ హన్మకొండలోని మా డిజైనింగ్ రూముకు వచ్చి, ఆల్బమ్‌ను టేబుల్ మీద తెరిచిపెట్టి, "గిదేంది తమ్మీ, పసుపు కుంకుమ లెక్క కొడ్తున్నది?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మా మానిటర్ మీద అదే ఫైలు తెరిస్తే పసుపు పసుపుగానే ఉంది. ల్యాబుకు ఫోన్ చేస్తే "మా దగ్గర అంతా కరెక్టే, మీ మానిటర్ చూసుకోండి" అన్నారు. ల్యాబు వాళ్లు ఎప్పుడూ అనే మాటే ఇది. ఈసారి మాత్రం వాళ్లదే నిజమేమో అనిపించింది. అంతకు నెల కిందటే సిస్టం మార్చాం. మానిటర్ పాతదే, సీపీయూ కొత్తది, అందులో కొత్తగా ఎక్కించిన విండోస్ 11. విండోస్ 10కు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కదా, మాఘమాసం పెళ్లిళ్ల హడావిడి మొదలుకాకముందే ఆ పని కానిచ్చామన్న ధీమా కూడా ఉండేది మాకు.

బీరువాలోంచి కాలిబ్రేటర్ తీశాం, మానిటర్ రంగును కొలిచి సరిదిద్దే పరికరం. అరచేతిలో పట్టే డబ్బా, కింద మూడు రంగుల ఫిల్టర్ల మీద చిన్న కిటికీ, తోకలాగా యూఎస్‌బీ వైరు. 2008 ప్రాంతంలో కొన్నది. గుచ్చగానే 'టుంగ్' మని శబ్దమైతే వచ్చింది. సాఫ్ట్‌వేర్ మాత్రం పరికరం దొరకలేదంది. విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరిస్తే దాని పేరు పక్కన పసుపు త్రికోణం, లోపల కోడ్ 52. ఆ పూట మాకు సరైన పసుపు కనబడింది ఆ త్రికోణంలోనే.

పాత సిస్టంలో ఇదే డబ్బా పనిచేసేది. ఎందుకు పనిచేసేదో మాలో ఎవరికీ గుర్తులేదు. అప్పుడు పనిలో ఉన్న కుర్రాడెవరో ఏదో చేసి ఎక్కించాడు, తర్వాత వేరే ఊరు వెళ్లిపోయాడు. మన రూముల్లో కాలిబ్రేషన్ చరిత్ర చాలావరకు ఇలాగే నడుస్తుంది: ఒకడికి తెలుస్తుంది, వాడు వెళ్లిపోతాడు.

అసలు ఈ బరువు డిజైనర్ నెత్తిన ఎప్పుడు పడింది? రీళ్ల కాలంలో రంగు ఫోటోగ్రాఫర్ పని కానే కాదు. కలర్ నెగెటివ్‌కు పుట్టుకతోనే నారింజ పొర ఉంటుంది, దాన్ని వెలుతురుకు పెట్టి చూసి చీర ఏ రంగో చెప్పగలిగేవాడు లేడు. రంగు తేల్చేవాడు ల్యాబు ఆపరేటర్. మినీల్యాబు మెషిన్ మీద సయాన్, మెజెంటా, యెల్లో, డెన్సిటీ మీటలుంటాయి. ఫోటో చూసి రెండు నొక్కులు అటు, మూడు నొక్కులు ఇటు వేసి పంపేవాడు. అతని కన్నే కాలిబ్రేటర్. ఆపరేటర్ మారితే ఊళ్లో సగం పెళ్లిళ్ల రంగు మారేది. 1990ల చివర డిజిటల్ మినీల్యాబులు వచ్చాయి, తర్వాత డిజిటల్ కెమెరాలు, ఆ వెంటనే కరిజ్మా ఆల్బమ్‌లు. పేజీలు కంప్యూటర్‌లో తయారై ల్యాబుకు జేపెగ్ ఫైళ్లుగా పోవడం మొదలైంది. "కరెక్షన్ వద్దు, ఫైల్ ఎట్లుంటే అట్ల కొట్టు" అని మనమే చెప్పడం మొదలుపెట్టాం. ఆపరేటర్ మీటల మీద నుంచి చేయి తీశాడు. ఆ చేయి ఉన్న చోటికి డిజైనర్ మానిటర్ వచ్చింది, దాన్ని కొలిచేవాడు మాత్రం రాలేదు.

ఫ్లెక్సీలు కొట్టే మిత్రులకు ఇదంతా చెబితే నవ్వుతారు. మేడారం జాతర ఏడాది వాళ్లకు నిద్రే ఉండదు, రంగు గురించి ఆలోచించే తీరికెక్కడిది? అయినా స్తంభం మీది ఫ్లెక్సీలో బంగారం కాస్త అటూఇటూ అయినా ఎవరూ అడగరు. ఆల్బమ్ అలా కాదు, ఒళ్లో పెట్టుకుని చూస్తారు, చీరను బీరువాలోంచి తెచ్చి పక్కన పెట్టి మరీ చూస్తారు.

రంగును అంకెల్లో చెప్పొచ్చన్న ఆలోచన మాత్రం చాలా పాతది. 1920లలో ఇంగ్లండులో రైట్, గిల్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వేర్వేరుగా ప్రయోగాలు చేశారు. ఒకరు పదిమందిని, మరొకరు ఏడుగురిని కూర్చోబెట్టి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులు ఏ పాళ్లలో కలిస్తే ఎదుటి రంగుకు సరిపోతుందో వాళ్లచేత తేల్చారు. ఆ లెక్కల మీదే 1931లో సీఐఈ అనే అంతర్జాతీయ కాంతి సంస్థ ప్రమాణం వచ్చింది. ఇప్పటికీ మా డబ్బాలాంటి ప్రతి కలరీమీటర్ (రంగు కొలిచే పరికరం) ఆ 'సగటు కన్ను'నే అనుకరిస్తుంది. మన తలంబ్రాల పసుపుకు చివరి సాక్షులు ఆ పదిహేడుగురే అన్నమాట.

కంప్యూటర్ల వైపు కదలిక 1993లో. అడోబీ, యాపిల్, కొడాక్, మైక్రోసాఫ్ట్ సహా ఎనిమిది కంపెనీలు కలిసి ఐసీసీ (ఇంటర్నేషనల్ కలర్ కన్సార్షియం) అనే సంస్థ పెట్టి, ఏ పరికరం రంగును ఎలా చూపిస్తుందో చెప్పే 'ప్రొఫైల్' ఫైలుకు ఒక రూపం ఇచ్చాయి. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిని ప్రతిపాదించాయి. అప్పటి సాధారణ సీఆర్‌టీ మానిటర్ ఎలా చూపిస్తుందో దాన్నే ప్రమాణంగా తీసుకున్నారు. ల్యాబులు ఈరోజుకీ ఎస్‌ఆర్‌జీబీ ఫైలే పంపమంటాయి.

ఇక్కడే చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ప్రొఫైల్ అనేది ఉత్త చీటీ. 'ఈ మానిటర్ ఇలా ఉంది' అని చెబుతుందే తప్ప తనంతట తాను మానిటర్‌ను మార్చదు. మార్చే భాగం వేరే: గ్రాఫిక్స్ కార్డులో ఉండే సవరణ పట్టిక. యాపిల్ తన సౌకర్యం కోసం ఆ పట్టికను ప్రొఫైల్ లోపలే 'వీసీజీటీ' అనే అరలో పెట్టింది, మిగతావాళ్లూ అదే పద్ధతి పట్టుకున్నారు. కంప్యూటర్ ఆన్ అయిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ అర తెరిచి పట్టికను కార్డులోకి ఎక్కించాలి. దానికోసమే ఫోటోషాప్‌తో అడోబీ గామా లోడర్ వచ్చేది. కాలిబ్రేటర్ కంపెనీలు తమ లోడర్ తాము పెట్టేవి. రెండూ స్టార్టప్‌లో ఉంటే ఏది ఆఖరున లేస్తే దాని మాటే చెల్లేది. విండోస్ విస్టాలోనైతే అనుమతి అడిగే పెట్టె తెర మీదికొచ్చి పోగానే సవరణ మొత్తం చెరిగిపోయేది. విండోస్ 7 నుంచి ఆ పని సిస్టమే చేసే ఏర్పాటు ఉంది, కానీ దానికి టిక్ పెట్టాలి. 2017 నుంచి రాత్రిపూట తెరను పసుపుకు తిప్పే నైట్ లైట్ కూడా వచ్చి ఇదే పట్టికలో వేలు పెడుతోంది. రాత్రి పదకొండు తర్వాత చేసిన పేజీలు నీలం కొడుతున్నాయంటే ముందు దాన్నే అనుమానించండి.

ఇక డ్రైవర్, అంటే పరికరానికీ విండోస్‌కీ మధ్య మాట మోసే చిన్న ప్రోగ్రామ్. దాని గొడవ మొదలైంది 2007లో. విండోస్ విస్టా 64 బిట్ వెర్షన్, తన గుండెకాయలాంటి కెర్నెల్‌లో నడిచే ప్రతి డ్రైవర్‌కూ డిజిటల్ సంతకం ఉండాల్సిందేనని పట్టుబట్టింది. వైరస్‌లు డ్రైవర్ వేషంలో లోపలికి దూరకుండా పెట్టిన కట్టడి అది, తప్పుబట్టలేం. అప్పటికి స్టూడియోలన్నీ 32 బిట్ ఎక్స్‌పీ మీదే ఉన్నాయి కాబట్టి ఇక్కడ ఎవరికీ నొప్పి తెలియలేదు. తర్వాత ర్యామ్ నాలుగు జీబీ దాటాల్సి వచ్చింది, అందరూ 64 బిట్‌కు మారారు. 32 బిట్ డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో కదలదు, కాబట్టి కంపెనీ కొత్తది రాసిస్తేనే పాత డబ్బాకు బతుకు. పదేళ్ల కిందట అమ్మేసిన వస్తువుకు కొత్త డ్రైవర్ రాస్తే కంపెనీకి వచ్చేదేముంది?

2016లో విండోస్ 10 వెర్షన్ 1607తో కట్టడి ఇంకా బిగిసింది. కొత్త డ్రైవర్‌కు మైక్రోసాఫ్టే సంతకం పెట్టాలి. అయితే పాత విండోస్ మీద నుంచి అప్‌గ్రేడ్ అయిన సిస్టంలకు, సెక్యూర్ బూట్ (సిస్టం లేచేటప్పుడు సంతకాలు తనిఖీ చేసే ఏర్పాటు) ఆపి ఉన్నవాటికి మినహాయింపు ఇచ్చారు. ఒకే డబ్బా పక్క స్టూడియోలో పలికి మన దగ్గర పలకకపోవడానికి చాలాసార్లు ఇలాంటిదే కారణం: వాళ్లది అప్‌గ్రేడ్ చేసింది, మనది కొత్తగా ఎక్కించింది. విండోస్ 11కు అసలు 32 బిట్ వెర్షనే లేదు. దానికి తోడు మెమరీ ఇంటెగ్రిటీ అనే కాపలా కూడా ఆన్‌లో ఉంటే, సంతకం ఉన్న పాత డ్రైవర్‌ను కూడా అది గుమ్మంలోనే ఆపేయగలదు.

అందుకే త్రికోణం కనబడగానే డబ్బా పోయిందని తేల్చేయకుండా దాని మీద డబుల్ క్లిక్ చేసి కోడ్ చదవాలి. 28 అంటే డ్రైవర్ లేనే లేదు. 52 అంటే ఉంది గానీ సంతకం చెల్లలేదు. 43 వస్తే డ్రైవర్ కన్నా ముందు వైరును, పోర్టును అనుమానించాలి. హబ్ తీసేసి సీపీయూ వెనక పోర్టులో నేరుగా గుచ్చితే చాలాసార్లు అక్కడితో సరిపోతుంది.

డ్రైవర్ వెతుక్కోవడానికి కంపెనీ సైటుకు పోదామంటే కంపెనీ పేరే మారిపోయి ఉంటుంది. ఐ-వన్ అనే కాలిబ్రేటర్లు మొదట గ్రెటాగ్‌మాక్‌బెత్‌వి. 2006లో దాన్ని ఎక్స్-రైట్ కొనేసింది. 2021లో ఫోటోగ్రాఫర్ల సరుకంతా కాలిబ్రైట్ అనే పేరు కిందికి పోయింది. స్పైడర్ అనే కాలిబ్రేటర్ మొదట కలర్‌విజన్ పేరుతో, తర్వాత డేటాకలర్ పేరుతో వచ్చింది. డబ్బా మీద ఒక పేరు, సీడీ మీద ఇంకో పేరు, సైటు మీద మూడో పేరు.

ఈ గందరగోళంలో చాలామందికి దారి చూపింది గ్రేమ్ గిల్ అనే ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ రాసిన ఆర్గిల్ సీఎంఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. కమాండ్లు టైపు చేసి నడపాలి. దానికి బటన్లున్న ముఖం తొడిగింది డిస్‌ప్లేకాల్. అది పైథాన్ 2 అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసింది, ఆ పైథాన్‌కు 2020 మొదట్లోనే సపోర్టు ఆగిపోయింది. తర్వాత వేరేవాళ్లు పైథాన్ 3కు మార్చి నడుపుతున్నారు. పాత పరికరాలకు ఆర్గిల్ తన సొంత డ్రైవర్ పెట్టమంటుంది. పెట్టగానే కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు ఆ డబ్బా కనబడదు. ఒక పరికరానికి ఒకసారి ఒక్క డ్రైవరే. ఇది తెలియక రెండూ మార్చిమార్చి ఎక్కించి, రెండూ చెడ్డవేనని తిట్టుకున్నవాళ్లలో మేమూ ఉన్నాం.

ఈసారి మేము పట్టింది ఆర్గిల్ దారే. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ కొట్టి, ట్రబుల్‌షూట్‌లోంచి స్టార్టప్ సెట్టింగ్స్‌కు పోయి, 7 నొక్కి సంతకం తనిఖీని ఆ ఒక్కసారికి ఆపాం. డ్రైవర్ ఎక్కింది, త్రికోణం పోయింది. మానిటర్ అరగంట వేడెక్కనిచ్చి, ట్యూబ్‌లైట్ ఆపి, డబ్బాను తెర మీద వేలాడదీసి కొలిచాం. తెలుపుకు 6500 కెల్విన్, వెలుగునీడలకు గామా 2.2 లక్ష్యంగా పెట్టుకున్నాం. ఇరవై నిమిషాలు రంగులు మారుతూ పోయాయి. చివర్లో వచ్చిన తెలుపు చూస్తే గులాబీ కలిపిన పాలలా ఉంది.

ఈ రోగం డ్రైవర్‌కు సంబంధం లేనిది. ఆ తరం కలరీమీటర్లలో ఫిల్టర్లు గాలి తగిలే చోట ఉండేవి, వయసుకూ తేమకూ రంగు మారేవి. పదిహేడు వానాకాలాలు బీరువాలో గడిపిన వస్తువు అది. పైగా అది సీఆర్‌టీలు, ట్యూబు బ్యాక్‌లైట్ ఎల్‌సీడీలు ఉన్నప్పుడు తయారైంది. తెల్ల ఎల్‌ఈడీ బ్యాక్‌లైట్‌లో నీలం దగ్గర పెద్ద శిఖరం ఉంటుంది, దానికి తగిన సవరణ ఫైలు లేకుండా పాత ఫిల్టర్లు దాన్ని సరిగా చదవలేవు. అనుమానం తీర్చుకోవడానికి కరీంనగర్ మిత్రుడి దగ్గర కొత్త పరికరం అడిగి తెచ్చాం. దాన్ని విండోస్ కీబోర్డు, మౌస్‌ల కోవలోనే గుర్తుపడుతుంది, వేరే డ్రైవర్ అడగదు. ఫిల్టర్లు గాజువి, మూసి ఉంటాయి. రెండు రోజుల టెన్షన్ తర్వాత గుచ్చిన వెంటనే పలికిన వస్తువును చూస్తే కొంచెం కోపమే వచ్చింది.

మళ్లీ కొలిచాం. ముందూ తర్వాతా మార్చి చూపించే బటన్ నొక్కితే సంగతి బయటపడింది. సిస్టం మార్చిన రోజు పాత ప్రొఫైల్ పాత డిస్కులోనే ఉండిపోయింది. మానిటర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నీలానికి తిరిగిపోయింది. నెల రోజులుగా మేం ఆ నీలాన్ని చూస్తూ, మొహాలు చల్లబడ్డాయనుకుని, ప్రతి పేజీకి పసుపు, ఎరుపుల వేడి పెంచుకుంటూ పోయాం.

తలంబ్రాల పేజీ తెరిచాం. టేబుల్ మీది ఆల్బమ్‌లో ఉన్నట్టే, మానిటర్ మీద కూడా బియ్యం నారింజ రంగులో ఉన్నాయి. నలభై పేజీలు మళ్లీ చేసి పంపాం. ప్రింటు ఖర్చు మాదే.