రంగు పట్టని గ్లైకోజెన్

చిరంజీవులకు ఆశీస్సులు.

కాలేయం ముక్కకు పీఏఎస్ (పీరియాడిక్ ఆమ్లం–షిఫ్) పద్ధతిలో రంగు వేస్తే ఒక స్లైడులో కణాలు నిండుగా మజెంటా రంగులో కనిపిస్తాయి, మరో స్లైడు వెలవెలబోతుంది. వెంటనే ఆ మజెంటా రంగునిచ్చే షిఫ్ ద్రావణం పాడైందేమో అనుకుంటాం. చాలాసార్లు తప్పు అంతకుముందే, ముక్క కోసిన తొలి నిమిషాల్లోనే జరిగిపోయి ఉంటుంది.

గ్లైకోజెన్ అంటే గ్లూకోజు కొమ్మలు కొమ్మలుగా అల్లుకున్న నిల్వ. రక్తప్రసరణ ఆగినా కణంలోని ఎంజైములు ఊరుకోవు, ఆ నిల్వను కరగదీస్తూనే ఉంటాయి. అందుకే ముక్కను 3 మిల్లీమీటర్ల మందానికి మించకుండా కోసి, దానికి 10–20 రెట్లు ఎక్కువ ఫిక్సేటివ్‌లో, అంటే కణజాలాన్ని చెడకుండా నిలిపే ద్రావణంలో, ఆలస్యం చేయకుండా వేయాలి. మందంగా కోస్తే ద్రావణం నడిమికి చేరేసరికి అక్కడి గ్లైకోజెన్ తరిగిపోతుంది.

మామూలుగా వాడే ఫిక్సేటివ్ ఫార్మలిన్ గ్లైకోజెన్‌ను నేరుగా పట్టుకోదు. చుట్టూ ఉన్న ప్రోటీన్లను వలలా బిగించి అందులో దాన్ని చిక్కిస్తుంది. చిక్కనిది నీటిలోకి జారిపోతుంది. ఆల్కహాల్‌లో గ్లైకోజెన్ కరగదు కనుక, అదే ముఖ్యమైనప్పుడు కార్నాయ్ ద్రావణం మేలు: ఆల్కహాల్ 60 పాళ్లు, క్లోరోఫాం 30, అసిటిక్ ఆమ్లం 10. అయితే కణజాలం కుంచించుకుపోతుంది, ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి.

ఇంకొకటి బాగా గుర్తుపెట్టుకోండి. ద్రావణం ఒక పక్కనుంచి లోపలికి వస్తూ గ్లైకోజెన్‌ను ముందుకు నెడుతుంది. అది ప్రతి కణంలోనూ ఒకే వైపు అంచున నెలవంకలా పోగవుతుంది. ఆల్కహాల్ ద్రావణాల్లో ఇది మరీ ఎక్కువ. దాన్ని జబ్బు లక్షణమని పొరబడకండి. 4 డిగ్రీల చల్లదనంలో ఉంచితే కొంత తగ్గుతుంది.

ఇక రంగు వేయడం తేలికే. 1 శాతం పీరియాడిక్ ఆమ్లంలో 5–10 నిమిషాలు, డిస్టిల్డ్ వాటర్‌తో కడుగు, షిఫ్‌లో 15–20 నిమిషాలు, పారే కుళాయి నీటిలో 10 నిమిషాలు, చివర కేంద్రకాలకు నీలం రంగునిచ్చే హీమటాక్సిలిన్. పీరియాడిక్ ఆమ్లం చక్కెరల్లో ఆల్డిహైడ్లను పుట్టిస్తుంది, షిఫ్ వాటికే అంటుతుంది. గ్లూటరాల్డిహైడ్ అనే మరో ఫిక్సేటివ్‌లో ఉంచిన ముక్కలో ముందే ఆల్డిహైడ్లు మిగిలి ఉంటాయి, అంతా మజెంటా అయిపోతుంది. దాన్ని వాడకండి.

మజెంటా కనిపించగానే గ్లైకోజెన్ అనేయకూడదు. జిగురు పదార్థమైన మ్యూసిన్‌కూ అదే రంగు వస్తుంది. పక్కపక్క సెక్షన్లు (పలుచని పొరలు) రెండు తీసి, ఒకదాన్ని 37 డిగ్రీల వద్ద గ్లైకోజెన్‌ను కరగదీసే డయాస్టేజ్ ఎంజైములో గంటసేపు ఉంచి, తర్వాత రెండింటికీ కలిపి రంగు వేయండి. డయాస్టేజ్ పడినదాంట్లో మాయమైన రంగే గ్లైకోజెన్. లాలాజలంలో అదే రకం ఎంజైము అమైలేజ్ ఉంది కనుక అదీ పనిచేస్తుంది. ఎంజైము పాతబడితే గ్లైకోజెన్ ఉన్నచోటే ఉండిపోతుంది, అందుకే గ్లైకోజెన్ ఉందని ముందే తెలిసిన కాలేయం స్లైడు ప్రతిసారీ పక్కన నడపండి.

మీ తాతయ్య