ఏటిగట్టు కింద ఊట

అమలాపురం వైపు నుంచి ఒకావిడ అడిగారు: "మాటా మాటా పెరిగితే మా ఆయన రాయిలా కూర్చుండిపోతారండీ. నా బాధ ఆయనకు తాకనే తాకదా?" జాతకాలు చూపిస్తే గణాలు కుదరలేదన్నారట. గణాల సంగతి వదిలేసి ఈసారి ఆయన మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూడమన్నాను.

అమెరికాలో జాన్ గాట్‌మన్, రాబర్ట్ లెవెన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి భార్యాభర్తల్ని కూర్చోబెట్టి, వాళ్లకు పేచీ ఉన్న విషయమే మాట్లాడించి గుండె వేగం కొలిచారు. పైకి బిగుసుకుపోయినట్టు కనిపించే మనిషికి లోపల గుండె దడదడలాడుతూ ఉండొచ్చని అలా బయటపడింది. ఆ స్థితికి గాట్‌మన్ వాడిన మాటకు అర్థం వరద. గోదావరి ఒడ్డున పెరిగిన నాకు అది చదవగానే ఒళ్లు ఝల్లుమంది.

వరద రోజుల్లో గట్టు కాపలా తిరిగినవాళ్లకు తెలుసు, పైనుంచి నీళ్లు పొర్లకుండానే గట్టు తెగొచ్చు. ఏటిలో నీరు ఇవతలి చేల కంటే ఎత్తున నిలబడితే, ఆ ఒత్తిడికి అడుగు ఇసుకలోంచి దారి చేసుకుని చేలో ఊటగా లేస్తుంది, గట్టు మీద మాత్రం గేదెలు తాపీగా మేస్తుంటాయి. ఊట తేటగా ఉంటే కనిపెట్టి ఉండాలి, మట్టితో వస్తే మాత్రం అడుగున ఇసుక కొట్టుకుపోతున్నట్టే. అప్పుడు ఊట నోరు మూసేస్తే ఇంకోచోట లేస్తుంది. అందుకే చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి నీటిని అక్కడే కాస్త ఎత్తు నిలవనిస్తారు, ఆ నీటి బరువే ఊట ఉరవడిని తగ్గిస్తుంది.

ఇక మనిషి లోపలి సంగతి. నాడుల (నరాల) ప్రమేయం లేకుండా వదిలేస్తే గుండె నిమిషానికి సుమారు 100 సార్లు కొట్టుకుంటుంది. మెదడు నుంచి గుండెకు దిగే వేగస్ నాడి బ్రేకు తొక్కి ఉంచబట్టే కుదురుగా కూర్చున్నప్పుడు 70 దగ్గర ఉంటుంది. గొడవలో ముందు ఆ బ్రేకు వదులవుతుంది, ఆపైన గుండెను ఉరికించే సింపథెటిక్ నాడులు, ఎడ్రినలిన్ హార్మోను తోసుకొస్తాయి. బళ్లో నాలుగు గదుల బొమ్మ గీయించి మార్కులేస్తాం గానీ ఈ బ్రేకు సంగతి పిల్లలకు చెప్పం, నాకది నిజంగా బాధ. గాట్‌మన్ లెక్కలో కూడా 100 దాటితే వరదే, ఎదుటివాళ్ల మాట ఇక చెవికెక్కడం కష్టం, కనీసం 20 నిమిషాలు మాట ఆపాలంటారు.

1977లో స్రూఫ్, వాటర్స్ ఏడాది వయసు పిల్లల మీద రాసిన పరిశోధన నన్ను ఇంకా కదిలించింది. తల్లి గది వదిలి వెళ్లి తిరిగొస్తే కొందరు పిల్లలు తలెత్తి చూడరు, బొమ్మతోనే ఉండిపోతారు. ఎంత బుద్ధిమంతుడో అంటాం మనం. గుండెకు తగిలించిన పరికరం చూస్తే వేగం పెరిగే ఉంది. అంత చిన్నప్పుడే ఊట గట్టు కిందికి వెళ్లిపోగలదన్నమాట.

కాబట్టి అమ్మా, "నాకేం లేదు" అని ఆయన అంటే అది అబద్ధమే అయ్యుండాలని లేదు, ఆయనకే తెలియకపోవచ్చు. "ఏదో ఒకటి చెప్పు" అని అప్పుడే నిలదీయకండి. అరగంటాగి మాట్లాడుకుందామని చెప్పి, ఆ అరగంట కాగానే మళ్లీ వెళ్లి ఆయన పక్కన కూర్చోండి.