సంగీతం పీరియడ్ గురించి అపోహలు – వాస్తవాలు

పర్లాకిమిడిలో బడి పిల్లలకు పాట నేర్పడం నా పని. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, ఆంధ్ర. ఇటు గజపతి జిల్లా, ఒడిశా. నా క్లాసులో తెలుగు, ఒడియా, సవర మాట్లాడే పిల్లలు పక్కపక్కనే కూర్చుంటారు. బడికి డబ్బు తగ్గినా, టీచర్లు తగ్గినా, మెట్రిక్ పరీక్షలు దగ్గరపడినా ముందుగా ఎగిరిపోయేది మా పీరియడే. ఎవరికీ సంగీతమంటే పగ లేదు. కొన్ని మాటలు అందరూ నమ్మేశారు, అంతే. ఆ మాటల గురించే ఇది.

అపోహ: "మా పిల్లకి గొంతు లేదు మాస్టారూ."

వాస్తవం: నేను అన్నిటికంటే ఎక్కువగా వినే మాట ఇది. స్వరానికీ స్వరానికీ తేడా నిజంగా పోల్చుకోలేనివాళ్లు ఉంటారు. కానీ పరిశోధకుల లెక్కల్లో వాళ్లు నూటికి నలుగురికి మించరు, కొన్ని లెక్కల్లో ఇద్దరు కూడా ఉండరు. మిగతా పిల్లల విషయంలో చిక్కు గొంతుతో కాదు, శ్రుతితో, అంటే పాట ఎంత ఎత్తులో అందుకుంటున్నామన్న దానితో. మగ మాస్టారు తన గొంతుకు వీలుగా ఒకటో శ్రుతిలో అందుకుంటాడు. ఎనిమిదేళ్ల పిల్లకి అది మరీ కింద. అందక ఒకే స్వరం మీద గొణుగుతుంది, వెంటనే "దీనికి రాదు" అని ముద్ర పడిపోతుంది. శ్రుతిపెట్టె ఐదుకు మార్చి, సరిగమలు కాదు, ఒక్క "సా" మాత్రమే ఊపిరి ఉన్నంతసేపు పట్టమనండి. మొదట కాస్త కిందో పైనో తచ్చాడుతుంది. ఆగి విని, మెల్లగా వచ్చి కలుస్తుంది. కలిసిన క్షణం ఆ పిల్లకే ముందు తెలుస్తుంది, మొహంలో కనిపిస్తుంది.

మగపిల్లల సంగతి వేరు. పదమూడు, పద్నాలుగేళ్లకు గొంతు మారుతుంది. మొన్నటిదాకా పై షడ్జం, అంటే పై "సా", సునాయాసంగా అందుకున్నవాడు ఇవాళ నోరు తెరిస్తే గొంతు చీలుతుంది. క్లాసంతా నవ్వుతుంది. వాడు ఆ రోజు వెనక బెంచీకి వెళ్లిపోతే మళ్లీ ముందుకు తేవడం చాలా కష్టం. ఆ ఏడాది వాడికి నాలుగైదు స్వరాల్లో తిరిగే పాటలే ఇవ్వాలి, తాళం బాధ్యత అప్పగించాలి. ఈ సంగతులు తెలిసిన మనిషి బడిలో ఉండాలనే నా గోల.

అపోహ: సంగీతం నేర్చుకుంటే లెక్కల్లో మార్కులు పెరుగుతాయి.

వాస్తవం: ఇది మన మేలు కోరేవాళ్లే చెబుతారు, అందుకే కాదనడం ఇబ్బంది. ఈ ప్రచారానికి మూలం 1993లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక చిన్న ప్రయోగం. కాలేజీ విద్యార్థులకు పది నిమిషాలు మొజార్ట్ వినిపించి, ఆకారాలను మనసులో ఊహించుకునే ప్రశ్నలు ఇచ్చారు. ఫలితం కాస్త మెరుగుపడింది, పావుగంటలో పోయింది. అందులో చిన్నపిల్లలు లేరు, పాట నేర్చుకున్నవాళ్లూ లేరు. అయినా 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నర్ పుట్టిన ప్రతి బిడ్డకూ శాస్త్రీయ సంగీతం సీడీ ఇస్తామన్నారు. తర్వాత ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షల్లో, సంగీతం నేర్చుకున్నందువల్ల చదువులో వచ్చే లాభం పెద్దగా కనబడలేదు. నేనైతే ఈ వాదన ఎత్తను. ఎత్తితే, మార్కులు పెరగనప్పుడు పీరియడ్ తీసేయవచ్చని మనమే ఒప్పుకున్నట్టు. లెక్కలు రావాలంటే లెక్కలే చెయ్యాలి. పాట పాట కోసమే.

అపోహ: ఆగస్టు 15కి డాన్సులు చేయిస్తున్నారు కదా, కళలు ఉన్నట్టే.

వాస్తవం: స్పీకర్‌లో పాట పెట్టి, బాగా చేసే పదిమందిని ఏరి, రెండు మూడు వారాలు తర్ఫీదు ఇవ్వడం కార్యక్రమం. దాన్ని చదువు అనలేం. మిగతా పిల్లలు చప్పట్లు కొడతారు, అంతవరకే.

అపోహ: టీచరుకు పాషన్ ఉంటే చాలు.

వాస్తవం: "మీకు సంగీతమంటే ప్రాణం కదా మాస్టారూ, బడి వదిలాక ఓ గంట చెప్పండి." ఈ మాటలో గౌరవం ఉంది, కాదనను. నాకు ప్రాణమే. కానీ బడి వదిలాక ఎవరు ఉండగలరు? కొండ మీద ఊరికి నడిచి వెళ్లాల్సిన పిల్లలు ఉండలేరు. హాస్టల్లో హాజరు వేళకు చేరాల్సినవాళ్లు ఉండలేరు. ఇంట్లో చంటివాణ్ణి ఎత్తుకోవాల్సిన ఆడపిల్ల అసలే ఉండలేదు. టౌన్లో ఇల్లున్నవాళ్లు, ఇంట్లో హార్మోనియం ఉన్నవాళ్లు మిగులుతారు. టైంటేబుల్‌లోంచి పీరియడ్ తీసేసి నా ఇష్టం మీద వదిలేస్తే, ఎవరికి బడిలో తప్ప మరెక్కడా సంగీతం దొరకదో సరిగ్గా వాళ్లకే అందకుండా పోతుంది.

అమెరికాలో ఇదే జరిగింది. 2002లో, చదవడం, లెక్కలు రెండింటిలో ఏటా పరీక్షలు పెట్టాలని చట్టం వచ్చింది. కళలు తీసేయమని అందులో ఎక్కడా లేదు. అయినా 2007 నాటి ఒక సర్వేలో 44 శాతం స్కూల్ డిస్ట్రిక్టులు (ఒక ప్రాంతంలోని బడులన్నీ నడిపే సంస్థలు) ప్రాథమిక బడుల్లో వేరే సబ్జెక్టుల సమయం కోశామని చెప్పాయి. కాలిఫోర్నియా మరో దారి చూపింది. 2022లో అక్కడి జనం ఓటేసి, బడుల్లో కళలకు, సంగీతానికి ఏటా విడిగా డబ్బు కేటాయించే చట్టం తెచ్చుకున్నారు. పెద్ద డిస్ట్రిక్టులు అందులో కనీసం 80 శాతం మనుషుల్ని పెట్టుకోవడానికే ఖర్చు చెయ్యాలి. నాకు బాగా నచ్చింది ఈ నిబంధనే. తబలా కొని బీరువాలో పెట్టి తాళం వేస్తే ఎవరికీ సంగీతం రాదు.

అపోహ: శాస్త్రీయ సంగీతం డబ్బున్నవాళ్ల పిల్లలకు, మన పిల్లలకు కాదు.

వాస్తవం: ఒడిశా శాస్త్రీయ సంగీతమైన ఒడిస్సీలో పాటలు రాసి పెద్ద పేరు తెచ్చుకున్న గోపాలకృష్ణ పట్నాయక్‌ది ఈ ఊరే. గిడుగు రామమూర్తి గారు ఇక్కడ బడిపంతులుగా ఉంటూనే సవర నేర్చుకుని, సవర పిల్లల కోసం వాళ్ల భాషలో వాచకాలు, పాటలు తయారుచేశారు. పక్కనే సిక్కోలు (శ్రీకాకుళం) పల్లెల్లో తప్పెటగుళ్లు, జముకుల కథ లాంటి జానపద కళలు. క్లాసులో ఆది తాళం పట్టిస్తాను: దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. మూడు భాషల పిల్లలకూ ఒకసారి చూపిస్తే చాలు. తెలుగు పాఠం దగ్గరా ఒడియా పాఠం దగ్గరా తల ఎత్తని సవర పిల్ల, పక్కవాడి లెక్క తప్పితే వాడి చెయ్యి పట్టుకుని సరిచేస్తుంది.

అపోహ: ఇదంతా ఎక్స్‌ట్రా కరిక్యులర్, బడికి బాధ్యత లేదు.

వాస్తవం: ఉంది. సబ్జెక్టులకూ కళలకూ మధ్య ఆ గీతే వద్దని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. అంతకు ముందే, 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలున్న బడికి కళలు నేర్పే పార్ట్‌టైమ్ టీచరు ఉండాలని రాశారు. అదే చట్టం ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో ముప్పావు వంతు మంది తల్లిదండ్రులే, బడి అభివృద్ధి ప్రణాళిక రాసేదీ ఆ కమిటీయే. ఈసారి మీటింగుకి పిలిస్తే సంతకం పెట్టి వచ్చేయకండి. "మన బడిలో కళల టీచరు పోస్టు ఉందా, ఉంటే ఎన్నాళ్లుగా ఖాళీ?" అని అడగండి. వచ్చిన జవాబును మినిట్స్ పుస్తకంలో రాయించండి. ఖాళీ అయితే, ఆ పోస్టు నింపాలని ప్రణాళికలో చేర్పించాకే సంతకం పెట్టండి.