యుద్ధం పుస్తకాల్లో సీమ కరువు ఎందుకు లేదు?

రెండో ప్రపంచ యుద్ధం పుస్తకాలకు అనంతపురం, కర్నూలు, కడప అంగళ్లలో గిరాకీ ఎప్పుడూ ఉండేదే. గ్రూప్స్‌కు చదివే పిల్లలు కొంటారు, రిటైరైన టీచర్లు కొంటారు, హిట్లర్ జీవితాన్ని వ్యక్తిత్వ వికాసం పుస్తకంలా చదివేవాళ్లూ కొంటారు (ఇదేం పిచ్చో గానీ). ఏ పుస్తకం చేతికొచ్చినా ముందు అందులో యుద్ధం ఏ తేదీన మొదలైందో చూడాలి. బ్రిటన్ రచయితకు అది 1939 సెప్టెంబరు 1, జర్మనీ పోలండ్ మీద పడ్డ రోజు. రష్యావాళ్లకు 1941 జూన్ 22. చైనావాళ్లకు 1937 జూలై 7. ఎవరి ఇంటికి నిప్పంటుకున్న రోజు వాళ్లకు మొదటి రోజు. మరి సీమకు?

నిజానికి ఇక్కడివాళ్లు ఈ యుద్ధం మీద రాయడం అది నడుస్తుండగానే మొదలుపెట్టారు. 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో మన నాయకులెవరినీ అడక్కుండా ఇండియా కూడా యుద్ధంలో ఉందని ప్రకటించాడు. కొద్ది వారాల్లోనే కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. మరుసటి ఏడాది అనంతపురం జిల్లా కుర్రాడు తరిమెల నాగిరెడ్డి, యుద్ధం వల్ల జనం ఆర్థిక స్థితి ఏమవుతుందో చెబుతూ చిన్న పుస్తకం రాశాడు. అప్పటికి ఆయన వయసు 23. ఆ పుస్తకానికి ప్రభుత్వం ఇచ్చిన బహుమానం జైలు. అదే తరిమెల ఊళ్లో పుట్టిన రచయిత విద్వాన్ విశ్వం ఆ కాలంలోనే అనంతపురం నుంచి నవ్య సాహిత్యమాల పేరుతో పుస్తకాలు వేసేవారు. రైలు దిగితే ఎర్రమట్టి తప్ప ఏముందని బయటివాళ్లు అనుకునే ఊళ్లో, దేశాల మధ్య యుద్ధానికి జమాఖర్చు చూసే పని అప్పుడే మొదలైందన్నమాట.

ఆ లెక్క తేలడానికి రెండేళ్లు పట్టింది. 1942 మార్చి 8న బర్మా రాజధాని రంగూన్ జపాన్ చేతికి పోయింది. దాంతో ఏటా లక్షల టన్నుల్లో వచ్చే బర్మా బియ్యం ఆగిపోయింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. మద్రాసు జనం మూటాముల్లె సర్దుకుని లోపలి జిల్లాలకు పారిపోయారు. సీమ మీద ఒక్క బాంబూ పడలేదు. కానీ 1942-43లో బళ్లారి, అనంతపురం వైపు వానలు మొహం చాటేశాయి. కరువు ఈ నేలకు కొత్తేమీ కాదు. అయితే ఈసారి బయటి నుంచి గింజ తెప్పించే దారీ మూసుకుపోయింది, ధరలు ఆకాశానికెక్కాయి. అటు సైన్యంలో చేరికలు పెరిగాయి. 1939లో రెండు లక్షల చిల్లర ఉన్న భారత సైన్యం 1945కి 25 లక్షలైంది. యుద్ధానికి పనికిరాని జాతులంటూ అంతకుముందు దూరం పెట్టిన మద్రాసు రాజధాని నుంచి కూడా మనుషుల్ని పెద్ద ఎత్తున తీసుకున్నారు. అందరూ రాజభక్తితోనే చేరారంటే నేను నమ్మను. కడుపు కూడా ఒక కారణం.

నాగిరెడ్డి లాంటి కమ్యూనిస్టులకు అప్పుడో చిక్కొచ్చింది. నిన్నటిదాకా సామ్రాజ్యవాద యుద్ధం అన్నది, హిట్లర్ రష్యా మీదికి వెళ్లాక ప్రజాయుద్ధమైంది. అలా యుద్ధానికి మద్దతు పలకడంతో 1942 జూలైలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం పోయింది.

యుద్ధం ముగిశాక ప్రపంచానికి దాని కథ మొదట పెద్ద గొంతుతో చెప్పింది యుద్ధకాలంలో బ్రిటన్ ప్రధానిగా ఉన్న చర్చిల్. 1948 నుంచి ఆరు సంపుటాలు వేశాడు. దగ్గర సహాయకుల బృందం, చేతిలో ప్రభుత్వ కాగితాలు. 1953లో సాహిత్యానికి నోబెల్ కూడా వచ్చింది. నాలుగో సంపుటంలో ఆయన మన గురించి రాసింది చదివితే ఒళ్లు మండుతుంది. ఈ యుద్ధపు ఘోరాలు తగలకుండా హిందూస్తాన్ జనమంత భద్రంగా ఉన్నవాళ్లు ప్రపంచంలో లేరట, వాళ్లను తమ చిన్న దీవి భుజాల మీద మోసిందట! ముప్పై లక్షల దాకా ప్రాణాలు తీసిందని చెప్పే 1943 బెంగాల్ కరువు ఆయన చరిత్రలో దాదాపు కనబడదు. అలాంటప్పుడు అనంతపురం కరువు ఎక్కడ కనబడుతుంది? ఆ తర్వాత పాఠకుల్ని ఊపేసిన ఇంగ్లీషు పుస్తకాలు చాలావరకు నార్మండీ, స్టాలిన్‌గ్రాడ్, బెర్లిన్‌ల చుట్టూ తిరిగాయి.

మన దగ్గర ఇంకో ప్రవాహం ఉండేది. మాస్కోలో తెలుగులో అచ్చయిన పుస్తకాల్ని విశాలాంధ్ర వాళ్లు కారుచౌకగా ఊరూరా అమ్మేవారు. గట్టి అట్ట, మంచి కాగితం. యుద్ధమంటే రష్యా జనం త్యాగమని సీమలో రెండు తరాలు నేర్చుకున్నది వాటి వల్లే. త్యాగం అబద్ధం కాదు. కానీ చచ్చిపోయినవాళ్ల లెక్క స్టాలిన్ 1946లో 70 లక్షలన్నాడు, క్రుశ్చేవ్ కాలానికి అది రెండు కోట్లయింది, 1990లో గోర్బచేవ్ దాన్ని 2 కోట్ల 70 లక్షల దగ్గరకు తెచ్చాడు. పోలండ్‌ను పంచుకోవడానికి 1939 ఆగస్టులో హిట్లర్‌తో రాసుకున్న రహస్య ఒప్పందాన్ని మాస్కో ఒప్పుకున్నది 1989 డిసెంబరులో. రెండేళ్లకు సోవియట్ యూనియనే లేకుండా పోయింది, ఆ పుస్తకాలూ ఆగిపోయాయి.

ఇండియా, పాకిస్తాన్ కలిసి బిశేశ్వర్ ప్రసాద్ సంపాదకత్వంలో అధికారిక చరిత్ర వేయించాయి గానీ, అవి లైబ్రరీ బీరువాల్లో ఉండే లావాటి సంపుటాలు, మామూలు పాఠకుడి కోసం రాసినవి కావు. గాలి మారింది ఈ మధ్యనే. 2010లో మధుశ్రీ ముఖర్జీ బెంగాల్ కరువును చర్చిల్ గుమ్మంలో పెట్టారు. 2015లో యాస్మిన్ ఖాన్, 2016లో శ్రీనాథ్ రాఘవన్ భారతీయుల యుద్ధాన్ని విడిగా రాశారు. దాదాపు 87 వేల మంది భారత సైనికులు చనిపోయిన యుద్ధానికి ఈ పాటి చోటు దక్కడానికి డెబ్భై ఏళ్లు పట్టింది. అవీ ఇంగ్లీషు పుస్తకాలే.

సీమ వైపు నుంచి ఈ చరిత్ర తెలుగులో రాస్తే అది 1939తో కాక బర్మా బియ్యం ఆగిన 1942తో మొదలవ్వాలని నా అభిప్రాయం. 1953 దాకా మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం కాబట్టి, అప్పటి ప్రభుత్వ కాగితాలకు చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌కు వెళ్లాల్సిందే. కడప నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చెన్నైలో దిగొచ్చు.