ఆవకాయ జాడీ, అడవి

చిన్నీకి, బబ్లూకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న శ్రీశైలం నుంచి హైదరాబాద్ తిరిగొస్తుంటే, రోడ్డు పక్కన కాలిన నేల చూసి చిన్నీ అడిగింది గుర్తుందా? "ఎండకి అడవి తనే అంటుకుంటుంది కదా తాతయ్యా, మనకెందుకు ఆ 'నిప్పు పెట్టడం శిక్షార్హం' బోర్డులు?" నేను కునుకు తీస్తున్నట్టు నటించాను. జవాబు వెంటనే తోచలేదు మరి.

ఎండ అడవిని ఎండబెడుతుందంతే. ఫిబ్రవరి నుంచి మే దాకా నల్లమలలో రాలిన ఆకు అప్పడంలా ఉంటుంది. దానికి తగిలే నిప్పు మాత్రం దాదాపు ఎప్పుడూ మనిషిదే. ఆర్పని బీడీ, వండుకుని వదిలేసిన పొయ్యి, బీడీలు చుట్టే తునికాకు చిగురు బాగా వస్తుందని పొదలకు పెట్టే మంట.

నానమ్మ ఆవకాయ జాడీకి తాళం వేయదు, చూశారా? తడి గరిటె పెడితే బూజు పడుతుందని బబ్లూకి కూడా తెలుసు. "ముట్టుకుంటే తంతా" అని ఊరుకుంటే, ఆవిడ నిద్రపోగానే వాడి చెయ్యి జాడీలోనే ఉండేది. బూజు పట్టిన ముక్క చూపించి మరీ చెప్పింది. కానీ పోయినేడు వచ్చిన చుట్టానికి ఎవరూ చెప్పలేదు. తడి చెంచా పెట్టాడు, జాడీ మొత్తం పోయింది. నానమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేనేం చేశానో నాకిప్పటికీ తెలియదు! నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యం కూడా అలాంటిదే, 2,611 చదరపు కిలోమీటర్ల జాడీ. అన్ని చెట్ల దగ్గరా గార్డులు ఎలా నిలబడతారు? "శిక్షార్హం" అని రాసిన బోర్డు కారణం చెప్పదు.

మన బాలానగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వాళ్లు ఉపగ్రహాలతో మంటల్ని కనిపెడతారు. గొప్ప పనే. కాకపోతే అంటుకున్నాకే కదా కనిపించేది.

చిన్నప్పుడు మా ఊళ్లో ఇప్పపూలు ఏరడానికి వెళ్లేవాళ్లం. ఆకుల్లో పూలు కనబడవని ఒకసారి చెట్టు కింద అగ్గి పెట్టబోయాను. పశువులు కాసే తాత ఒకాయన తిట్టలేదు. తుప్పకొమ్మ విరిచి చేతికిచ్చి, "ఊడువు బిడ్డా" అన్నాడు. ఊడ్చిన ఆకు కింద పిట్ట గుడ్లు రెండు. మచ్చల గుడ్లు, గోళీలంత. అగ్గిపుల్ల జేబులో పెట్టేసుకున్నాను.

మన కాలనీలో పొద్దున్నే ఆకులు తగలబెట్టే వాచ్‌మన్‌తో మీరూ అలాగే మాట్లాడండి, పోట్లాడకండి.

ఆదివారం కేబీఆర్ పార్కుకు వెళ్లినప్పుడు బాట పక్కన ఆగి, రాలిన ఆకుల మీద గాలి వీచే చప్పుడు వినండి. తొలకరి పడ్డాక అక్కడే నిలబడి మళ్లీ వినండి. తేడా ఏమిటో నాకు రాయండి.

మీ తాతయ్య